అచ్చియ్యమ్మ దవడ

మా అచ్చియ్యమ్మత్త నోటికి జడవనివాడు చోడవరంలో ఎవడైనా ఉన్నాడంటే వాడు పుట్టు చెవిటివాడై ఉండాలి. మా నాన్నకి అక్క. నేను ఎలిమెంటరీ స్కూల్లో పంతులుగా చేరి పిల్లల్ని బెత్తంతో అదుపులో పెడుతున్న రోజుల్లో కూడా, వీధి మలుపులో ఆవిడ గొంతు వినబడితే గభాలున చొక్కా బొత్తాలు పెట్టుకునేవాణ్ణి. తిట్టడానికి ఆవిడకి కారణం అక్కర్లేదు, ఎదురుగా మనిషి ఉంటే చాలు. మనిషి లేకపోతే ఎద్దుల్ని తిట్టేది. మొగుడు పోయిన నాటి నుంచీ ఆ నోటితోనే సేద్యం చేయించింది, ఆ నోటితోనే కాలవ నీళ్ళలో తన వంతు తెచ్చుకుంది, ఆ నోటితోనే ఒక్కగానొక్క కొడుకు సత్యారావుని పెంచింది. పెంపకంలో లోపం ఎక్కడ జరిగిందో నాకిప్పటికీ అంతుబట్టదు.

కాలవ కింద ఆవిడకో చెరకు మడి ఉంది. పెళ్ళినాడు మా తాత పసుపు కుంకుమల కింద రాసిచ్చాడు. కాగితాల మీద ఆవిడ పేరే. సత్యారావు కన్ను ఆ మడి మీద పడింది, దున్నడానికి కాదు, అమ్మడానికి. వాడికి డేరా వేసి సినిమాలాడించే టూరింగు టాకీసు పెట్టాలని పిచ్చి. అనకాపల్లి వెళ్ళి ఒక సినిమా చూసొస్తే వారం పాటు చెరకు తోటలో కూడా తల దువ్వుకుని తిరిగేవాడు. తల్లి దగ్గర మాట ఎత్తడానికి మాత్రం గుండె చాలేది కాదు. ఒకసారి గుటకలు మింగుతూ "అమ్మా, సినిమా..." అన్నాడట. ఆ పూట వాడికి కూడు పెట్టలేదు.

అలా ఉండగా బెల్లం వండే రోజులొచ్చాయి. కళ్ళంలో గానుగ నాటారు. నడుమ చెరకు నలిపే ఇనప రోళ్ళు, వాటి మీద నుంచి ఎద్దుల మెడ దాకా వంపుగా దిగే పొడుగాటి దూలం. ఎద్దులు చుట్టూ తిరుగుతుంటే దూలమూ తిరుగుతుంది. రోళ్ళకి చెరకు గడలు అందించే మనిషి దాని కింద నేల మీద కూర్చుని, దూలం వచ్చినప్పుడల్లా తల వంచుకోవాలి. అత్త జన్మలో తల వంచింది ఆ దూలానికొక్కదానికే. ఆవేళ అత్త గడలు అందిస్తుంటే, కోడలు రాజ్యం రసం మరిగే పెనం దగ్గర మడ్డి తీస్తూ "ఎప్పుడూ తిట్లేనా" అని గొణుక్కుంది. గొణుక్కున్నా అత్తకి వినబడింది. జవాబివ్వడానికి దూలం దాటేదాకా ఆగితే ఆవిడ అచ్చియ్యమ్మ ఎందుకవుతుంది? "ఏటన్నావే?" అంటూ లేచి నిలబడింది. దూలం వచ్చి దవడ మీద కొట్టింది.

ఊళ్ళో ఆసుపత్రి కాంపౌండరు చూసి, కింది దవడ ఎముక విరిగింది, ఇది మన చేతిలో పని కాదు, పట్నం తీసుకెళ్ళండి అన్నాడు. దారిలో ఎముక కదలకుండా గెడ్డం కింద నుంచి నడినెత్తి మీదకి తెల్లగుడ్డ బిగించి కట్టాడు. పాపం, వాడి చదువు ప్రకారం వాడు సరిగ్గానే కట్టాడు. కానీ మన వైపు అలాంటి కట్టు కట్టేది పాడె ఎక్కేవాళ్ళకే, నోరు తెరుచుకుపోకుండా. రాజ్యం ఆ గుడ్డ చూడగానే "ఓలమ్మో, అత్తో, ఎల్లిపోనావా!" అని గుండెలు బాదుకుంది. వీధంతా చేరింది. ఎదురింటి మంగాయమ్మ, శవం లేచేదాకా వంట చెయ్యకూడదని ఉడుకుతున్న అన్నం దింపి, పొయ్యిలో నీళ్ళు పోసి మరీ వచ్చింది. అప్పుడు శవం కళ్ళు తెరిచి అందరినీ వరసగా ఒక చూపు చూసింది. ఏడుపులు ఆగాయి గానీ, ఎవరి మొహంలోనూ పెద్ద సంతోషం కనబడలేదు.

బస్సు దగ్గరా అదే గొడవ.

"శవాల్ని ఎక్కించం బాబూ, బండి కట్టించుకో" అన్నాడు కండక్టరు.

"శవం కాదు, మా యమ్మ" అన్నాడు సత్యారావు.

"ఎవులమ్మైతే నాకేటి? శవం శవమే!"

నేల మీద పడుకోబెట్టిన అత్త అక్కణ్ణుంచే కాలు చాచి వాడి పిక్క మీద ఒక్కటి తన్నింది. మారుమాట లేకుండా టిక్కెట్లు కొట్టాడు.

నేనూ కూడా వెళ్ళాను. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో పళ్ళ డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. నోట్లోకి దీపం వేసి చూసి ఉలిక్కిపడ్డాడు. "దవడ విరిగింది సరే, ఈ అంగిలి ఇలా తెల్లగా ఎందుకు కాలిపోయింది?" అన్నాడు. అడ్డపొగ సంగతి నేను చెప్పాను. మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారంటే ఆయన నమ్మలేదు. తిరగేసి పెట్టుకుంటే ఏమవుతుందని అడిగాడు. అత్త అంత నొప్పిలోనూ నోరు కూడదీసుకుని, "గాలికి ఆరిపోద్ది గదరా సచ్చినోడా" అంది.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. మత్తు సూదులు పొడిచి, విరిగిన దంతం ఒకటి పీకి, మిగిలిన పళ్ళకి సన్నటి ఉక్కు తీగలు చుట్టి, పై వరసనీ కింది వరసనీ కలిపి బిగించేశాడు. పైన మళ్ళీ అదే కట్టు. "ఆరు వారాలు నోరు తెరవకూడదు. గంజీ పాలూ ఆ పంటి సందులోంచి గొట్టంతో తాగాలి. తీగలు ముందే ఊడితే ఎముక వంకరగా అతుకుతుంది, జాగ్రత్త" అన్నాడు. సత్యారావు చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "మరి మాటలు బాబూ?" అని అడిగాడు. కుదరవన్నాడు డాక్టరు. వాడి మొహంలో అంత భక్తి నేను గుళ్ళో కూడా చూడలేదు.

చోడవరంలో మా వీధికి పండగ వచ్చింది. ఆవిడ తిట్లన్నిటికీ బాకీ పడ్డ జవాబులు చెప్పడానికి జనం వరస కట్టారు. మంగాయమ్మ మంచం పక్కన కూర్చుని, ఎప్పుడో పెళ్ళిలో పచ్చడి విషయంలో తప్పు తనది కాదని పూసగుచ్చినట్టు చెప్పి, "ఏటంటావ్ అప్పా?" అని అడిగి, జవాబు రాకపోతే కళ్ళు తుడుచుకుని, "నాకు తెలుసు, నువ్వు ఒప్పుకుంటావని" అని వెళ్ళిపోయేది. పొమ్మని చెయ్యి విసిరితే దీవించిందనేవారు. కళ్ళెర్రజేస్తే జ్వరమనేవారు. ఆవిడంత మంచి మనిషి ఊళ్ళోనే లేదని చెప్పుకోవడం మొదలైంది. నాకు ఒళ్ళు మండిపోయేది.

సత్యారావు రోజూ అంబలి గొట్టం పట్టుకుని తల్లి పక్కన చేరేవాడు. ఒక గుక్క అంబలి, ఒక గుక్క టాకీసు. డేరా ఎక్కడ వేస్తాడో, యంత్రం ఎక్కడ కొంటాడో, మిల్లు షావుకారు మడి కొనడానికి ఎంత ఆశగా ఉన్నాడో అంతా చెప్పేవాడు. ఒకరోజు ఆవిడ గ్లాసు తీసి వాడి నుదుటి మీదకి విసిరింది. వాడు బొప్పి తడుముకుంటూ పెళ్ళాం దగ్గరికొచ్చి, "అమ్మ ఒప్పేసుకున్నాదే! ఇష్టం నేకపోతే సెంబుతోటి కొట్టును" అన్నాడు. రాజ్యం కూడా తల ఊపింది, సినిమాకి టిక్కెట్టు కొననక్కర్లేదు కదా!

నేను వెళ్ళి వాడితో చెప్పి చూశాను. "ఒరే బావా, ఆవిడ నోరు విప్పాక అడుగు. ఆరు వారాలు ఆగలేవా?"

"ఆగితే ఇప్పుతాది గదేటి బావా" అన్నాడు వాడు. సిగ్గైనా పడలేదు.

ఆ మర్నాడే నేను స్కూలుకి పోతుంటే ఎదురుగా ఒంటెద్దు బండి వచ్చింది. అందులో అత్తని కూర్చోబెట్టి, పక్కన సత్యారావు, వెనక షావుకారు. బండి నా పక్క నుంచి పోతుంటే అత్త చెయ్యి చాచి నా చొక్కా పట్టుకుంది. వదల్లేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడడం నా బతుకులో అదే మొదటిసారి. స్కూలు సంగతి దేవుడికి వదిలేసి బండి వెంట నడిచాను.

రిజిస్ట్రేషను కచేరీలో కాగితం చదివి వినిపించారు. రిజిస్ట్రారు కళ్ళజోడు సవరించుకుని, "ఏమ్మా, మడి ఇష్టపూర్తిగానే అమ్ముతున్నావా?" అని అడిగాడు. అత్త తల అడ్డంగా ఊపబోయింది. ఆ కట్టుతో మెడ ఎటూ పూర్తిగా తిరగదు, తల ఒకలాగ ఊగింది.

"సూసేరా బాబూ, ఊఁ అంటన్నాది" అన్నాడు సత్యారావు.

"లేదండీ, ఆవిడకి ఇష్టం లేదు" అన్నాను నేను.

"మీరెవరు?"

"మేనల్లుణ్ణి."

"ఆస్తి ఆవిడది. ఆవిడే చెప్పాలి. మీరు కూర్చోండి" అన్నాడాయన. అందులో తప్పేం లేదు, చట్టం అలాగే ఉంది కాబోలు. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, "నోటితో చెప్పలేవు కదమ్మా, పోనీ చేత్తో చెప్పు" అన్నాడు. అత్త పిడికిలి బిగించి బల్ల మీద గుద్దింది.

"ఏలిముద్ర ఏస్తానంటన్నాది, బేగి కానీమంటన్నాది" అంటూ సత్యారావు ఆ పిడికిలి పట్టుకుని, బొటనవేలు విడదీసి, సిరా దిండు మీద అదిమేశాడు. కన్నతల్లి వేలు! నేను వాడి భుజం పట్టి లాగాను. షావుకారు నన్ను లాగాడు. వేలు కాగితం వైపు పోతోంది.

అత్త రెండో చేత్తో బల్ల మీదున్న పెన్సిళ్ళు చెక్కే చాకు అందుకుంది. అందరం వెనక్కి గెంతాం. అందరికంటే వెనక్కి గెంతింది సత్యారావు. ఆవిడ ఎవరి మీదకీ రాలేదు. తలకట్టు పీకి పారేసి, పెదవి పైకెత్తి, చాకు మొన పళ్ళ మధ్య తీగ కిందకి దూర్చి మెలిపెట్టింది. ఒక తీగ తెగింది. ఇంకోటి తెగింది. మూడోది తెగకుండా పన్నుతో సహా ఊడి వచ్చింది. గెడ్డం నిండా నెత్తురు కారుతుండగా ఆవిడ నోరు తెరిచింది.

"నానొల్లను!"

ఆ కేక రోడ్డు అవతలికి వినబడిందని తర్వాత అందరూ చెప్పారు. "నా మడి నానమ్మను! ఎవుడికీ అమ్మను! ఒరే సత్తీగా, నీ సినీమా డేరాకి నా సీర సింపి కట్టుకోరా!" అని మొదలుపెట్టి, సత్యారావుని, షావుకారుని, షావుకారు మిల్లుని, చివరికి ఏ పాపమూ ఎరగని బంట్రోతుని కూడా వదల్లేదు. దవడ పక్కకి జారిపోయి మాట ముద్దముద్దగా వస్తోంది, అయినా ఒక్క తిట్టూ అర్థం కాకుండా పోలేదు. రిజిస్ట్రారు కాగితం మడిచి షావుకారుకి తిరిగి ఇచ్చేసి, ఆవిడకి మంచినీళ్ళు తెప్పించాడు. నేను సిగ్గు విడిచి ఏడ్చాను.

మర్నాడు మళ్ళీ పట్నం వెళ్ళాం. డాక్టరు చూసి తల పట్టుకున్నాడు. సగం అతికిన ఎముక పక్కకి జరిగిపోయిందన్నాడు. మూతి ఎడమ వైపు వంకర తిరిగి ఉంది. ఇప్పుడైనా మించిపోయింది లేదు, మళ్ళీ సరిచేసి తీగలు కట్టేస్తే మొహం చక్కగా వస్తుంది, మళ్ళీ ఆరు వారాలు ఓపిక పట్టాలి అని చెప్పాడు. నేను చేయించుకోమని బతిమాలాను. నాకంటే ఎక్కువగా సత్యారావు బతిమాలాడు. డాక్టరు కాళ్ళ మీద పడినంత పని చేశాడు.

"కట్టెయ్యండి బాబూ, ఇప్పుడే కట్టెయ్యండి! మా యమ్మ మొకం సూస్తంటే నా గుండె సెరువైపోతన్నాది. ఇంటి పన్లు, మడి పన్లు అన్నీ నాను సూసుకుంటాను!"

అత్త వాడి వైపు చాలాసేపు చూసింది. కోపంగా కాదు. నేను ఎన్నడూ ఆవిడ మొహంలో చూడనంత అలసటగా చూసింది. తర్వాత కుర్చీ లోంచి లేచి, కొంగు బొడ్లో దోపుకుంది.

"అమ్మా, ఇలా వదిలేస్తే బతికున్నన్నాళ్ళూ మూతి వంకరగానే ఉంటుంది. ఒక పక్కనే నమలాలి. ఆలోచించుకో" అన్నాడు డాక్టరు.

"ఒక పక్కనే నమిలి తింటాను బాబూ" అంది అత్త. "నోరు కట్టేసుకుంటే నమల్డానికి మెతుకు మిగల్దు."