కాకా చూడని ఆఖరి ఎపిసోడ్

కాకా పోయాడని పోయిన నెలలో ఒక మధ్యాహ్నం హుఫూఫ్ క్యాంపు నుంచి ఫోనొచ్చింది. నేనప్పుడు రియాద్‌లో, మలాజ్‌లో ఒక పైపుల దుకాణంలో బిల్లు రాస్తున్నాను. "స్టోరు మెట్ల మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండన్నా. ఛాయ్ గిలాస ఇంక చేతులనే ఉండె" అన్నాడు అక్కడి మేస్త్రి. రాస్తున్న బిల్లు పూర్తి చేసి ఎదుటివాడి చేతికిచ్చాను. ఏం చేయాలో తెలియక చేతిలో ఉన్న పనే చేశాను. ఇప్పుడు ఇది రాయడం కూడా ఏం చేయాలో తెలియకే.

ఆయన పేరు రాయను. ఊరి పేరూ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. జగిత్యాల వైపు మనిషి, ప్లంబరు, అంతవరకు చాలు. నాది కడప జిల్లా. హుఫూఫ్‌లో ఆ కట్టుబడి కంపెనీకి నేను టైమ్‌కీపర్ని, అంటే ఎవరు ఎప్పుడు పనిలోకి దిగారో, ఎప్పుడు వదిలారో రాసేవాణ్ని. మా వైపు చిన్నాయన అంటాం గానీ, క్యాంపులో తెలంగాణ వాళ్లంతా కాకా అంటుంటే నాకూ అదే నోటికొచ్చింది.

కారే కొళాయిని దాటి పోవడం కాకాకు చేతకాదు. హోటల్లోనైనా, ఆసుపత్రిలోనైనా ఆగి తిప్పి చూడాల్సిందే. టెఫ్లాన్ టేపు చుట్ట ఎప్పుడూ జేబులో ఉండేది. కళ్లజోడు కాడ విరిగితే ఆ టేపే, చెప్పు తెగితే ఆ టేపే, టీవీ రిమోటుకూ అదే. ఎవరైనా కంగారు పడితే "ముందుగాల వాల్వు బంద్ జెయ్యి, తర్వాత తిట్టుకో" అనేవాడు. మా ఆవిడతో ఫోన్లో గొడవపడి మొహం మాడ్చుకుని వచ్చిన రోజు నాకూ అదే చెప్పాడు. పని చేసింది కూడా.

టీవీ స్టోరు గదిలో ఉండేది. స్టోర్‌కీపర్ ఫిలిప్పీన్స్ అతను. వాళ్ల దేశంలో మధ్యాహ్నం పూట వచ్చే ఒక కుటుంబ సీరియల్ మాకు పొద్దున ఛాయ్ వేళకు వచ్చేది. ఎప్పటిదో పాత సినిమా అట, అక్కడ చాలా పేరున్నదట, దాన్నే సాగదీసి సీరియల్ చేశారు. గతిలేక ఒకామె తన పసిబిడ్డను పిల్లల్లేని అక్క చేతిలో పెడుతుంది. ఆ పిల్ల పెద్దదై, కన్నతల్లిని పిన్నీ పిన్నీ అంటూ తిరుగుతుంటుంది. కాకాకు వాళ్ల భాష ఒక్క ముక్క రాదు. ప్రకటనలు వచ్చినప్పుడు స్టోర్‌కీపర్ వచ్చీరాని హిందీలో రెండు మాటలు చెప్పేవాడు. ఆ రెండు మాటల్నే మధ్యాహ్నం అన్నాల దగ్గర కాకా గంటసేపు చెప్పేవాడు. వినేవాళ్లు రెండు జట్లయిపోయారు, కన్నామె జట్టు, పెంచినామె జట్టు. ఒకసారి కూర గిన్నె మీద కొట్టుకునేదాకా వచ్చింది. ఛాయ్‌కి పదిహేను నిమిషాలే ఇవ్వాలి. కాకా అరగంట తీసుకునేవాడు, నేను చూసీ చూడనట్టు రాసుకునేవాణ్ని.

"ఏం కాకా, ఏమయింది ఈపొద్దు?" అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"ఆ పోరికి ఇంక తెల్వలే తమ్మీ. అందరికెర్కే. దానికొక్కదానికే తెల్వది."

"ఏంది కాకా, సీరియల్ కోసరం కండ్లు తుడుసుకుంటాండావు?" అని ఒకరోజు పదిమందిలో ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు. "నీకు తెల్వది తీ" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాత మా కంపెనీ ఎరుపులో పడింది. సౌదీవాళ్లను ఎంతమందిని పనిలో పెట్టుకున్నారో చూసి కంపెనీలకు రంగులు వేస్తారు, తక్కువ పెట్టుకుంటే ఎరుపు, దాన్నే నితాఖత్ అంటారు. దానికి తోడు బయటి దేశం వాళ్ల మీద తలకింతని లెవీ. మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న సౌదీ యజమాని, కట్టలేదు. లెవీ కట్టనిదే ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూ కాదు. ఇఖామా బతికి లేనిదే దేశం దాటడానికి ఎగ్జిట్ పడదు. పని ఆగింది, జీతం ఆగింది, మనుషులు మాత్రం క్యాంపులోనే ఉండిపోయారు. ఎవర్ని తిట్టాలో కూడా తెలిసేది కాదు.

స్టోర్‌కీపర్ ఇఖామాకు ఇంకా గడువుంది. అతను ముందు వెళ్లిపోయాడు. బస్సు దగ్గర నన్ను పక్కకు పిలిచి, తన చిన్నప్పుడు తల్లితో కలిసి ఆ సినిమా చూశానని చెప్పాడు. కన్నతల్లి శవపేటిక దగ్గర నిలబడ్డాకే ఆ పిల్లకు నిజం తెలుస్తుందట. హాలంతా ఏడ్చిందట. "కాకాకు చెప్పొద్దు. సీరియల్ వాళ్లు మార్చినా మార్చొచ్చు" అన్నాడు. ఛానెల్ కార్డు అతని పేరు మీదే ఉండేది. వారం తిరగకుండా టీవీ ఆగిపోయింది.

కొన్నాళ్లకు కాకా నా గదికి వచ్చి కూర్చున్నాడు. "తమ్మీ, ఆ ఫిలిప్పీనాయన్ను ఫోన్ల అడుగరాదు. కత ఎటువోయిందో." మెసేజ్ పెట్టాను. సీరియల్ అయిపోయిందని, సినిమాలో ఉన్నట్టే ముగించారని జవాబొచ్చింది. కాకా నా మొహమే చూస్తున్నాడు. అప్పటికే మనిషి సగమయ్యాడు. నాకు మనసు రాలేదు.

"కలిసినారు కాకా" అన్నాను.

"ఏడ?"

"ఇంటి కాడనే. వాకిట్లో."

"పోరి ఏమన్నది?"

"అమ్మా అని పిల్చింది."

"మరి పెంచినామె?" ఆయన గొంతు తగ్గింది. "ఆమె కోపం జెయ్యలేదా?"

"లేదు కాకా. ఇద్దరికీ అన్నం పెట్టింది."

"గట్లనే ఉండాలె" అన్నాడు. మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత చెప్పాడు. బిడ్డకు ఏడు నెలలప్పుడు భార్య పోయింది. అప్పటికే వీసా చేతిలో ఉంది. పిల్లల్లేని అన్నావదినెల ఒడిలో బిడ్డను పెట్టి విమానమెక్కాడు. తాను మొత్తానికి తిరిగొచ్చిన రోజు అన్నదమ్ములిద్దరూ కూర్చోబెట్టి బిడ్డకు చెప్పాలని మాట. సెలవుకు పోయిన ప్రతిసారీ ఆ పిల్ల గడప దాకా ఎదురొచ్చి, బ్యాగు అందుకుని, "కాకా" అని పిలిచేదట. క్యాంపులో మేమంతా పిలిచే పిలుపే.

"ఫోన్ చేసి చెప్పు కాకా. ఈ ఎగ్జిట్ ఎప్పుడు పడ్తాదో ఏమో. మీ అన్నను అడిగి ఈపొద్దే చెప్పు" అన్నాను.

"ఫోన్ల చెప్పే మాటనా తమ్మీ? నువ్వే చెప్తివి గద, ఎదురెదురుగ నిలవడ్డంకనే అమ్మా అన్నదని. ఇన్నేండ్లు ఆగిన. ఇంకిన్ని దినాలు ఆగలేనా?"

అప్పుడే చెప్పుండాల్సింది. కాకా, నేను అబద్ధమాడినాను, ఆ తల్లి ఆగి ఆగి చచ్చిపోయింది, నువ్వు ఆగొద్దు అని. రేపు చెప్దాంలే అనుకున్నాను. మరుసటి రోజూ అలాగే అనుకున్నాను.

ఎరుపు కంపెనీల్లో పనిచేసేవాళ్లు కఫీల్ సంతకం లేకుండానే వేరేచోటికి మారొచ్చని ప్రభుత్వం అంది. నాకు కంప్యూటరు వచ్చు గనక మలాజ్‌లో ఈ దుకాణం దొరికింది. ముసలి ప్లంబరును ఎవరు తీసుకుంటారు? ఆయనకు మారే ఆశ కూడా లేదు, ఇంటికే పోవాలి. నేను బయల్దేరిన రోజు నా సూట్‌కేసు పిడికి టేపు చుట్టి ఇచ్చాడు. "నా ఎగ్జిట్ వడ్డనాడు ఫోన్ జేస్త. ఎయిర్‌పోర్టుకు రా" అన్నాడు.

కాకా ఎగ్జిట్ పడింది. బతికుండగా ఏ కిటికీ దగ్గరా పడనిది, శవం కాగితాలతో పాటు పడింది. ఎయిర్‌పోర్టుకు పోయాను. సామాను వెళ్లే వైపు నిలబడ్డాను.

కాగితాల కోసం ఊరి నుంచి నాతో రోజూ మాట్లాడింది కాకా కన్న ఆ అమ్మాయే. చదువుకున్న పిల్ల, పాస్‌పోర్టు కాపీలు, సంతకాలు అన్నీ తనే పంపింది. ఒకరోజు ఆగి అడిగింది: "అన్నా, కాకా నా గురించి ఏమన్న అంటుండెనా?"

ఆ నిజం చెప్పాల్సింది వాళ్ల పెదనాన్న. ఆమె లెక్కలో ఆయనే నాన్న. ఆయన బతికే ఉన్నాడు. నేనెవణ్ని? "శానా అంటాండె తల్లీ" అన్నాను. ఇంకేం అనగలను?

అంత్యక్రియల రోజు వీడియో కాల్ చేసింది. "ఫోన్ నేను వట్టుకుంట, సౌదీల అన్నకు చూపియ్యాలె" అని ఎవరితోనో అంటోంది. పెట్టె చూపించింది. పెట్టె కొసను పట్టుకుని వదలని అన్నను చూపించింది. తలకొరివి పెట్టడానికి నీళ్లోడుతూ నిలబడ్డ దాయాదుల మనిషిని చూపించింది. వదినెను, చుట్టాలను, వాకిలిని చూపించింది. ఫోను చేతిలో ఉన్న మనిషి తప్ప అందరూ కనబడ్డారు.

"కనవడ్తుందా అన్నా?"

"కనపడ్తాంది తల్లీ."

"అందర్ని చూపిచ్చిన. ఇంకెవర్నన్న చూపియ్యాల్నా?"

నోటిదాకా వచ్చింది. "చాలు తల్లీ" అన్నాను.

ఫోను ఆపడం మరిచిపోయినట్టుంది. చెయ్యి కిందికి దించింది. తెర మీద తడి మట్టి, చెప్పుల్లేని రెండు కాళ్లు. డప్పులు కదిలాయి. ఆ కాళ్లు ఆడవాళ్ల వరుసలో అందరికన్నా వెనక నడుస్తూ పోయాయి. ఫోను ఆగిపోయేదాకా చూస్తూనే ఉన్నాను.