తట్ట మోసే చేతుల బొమ్మలు

తడి సిమెంటు వాసన తగిలితే నాకు ఎస్తేరు టీచర్ గుర్తొస్తారు. ఈ ఉదయం నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగుతుంటే, కొత్తగా లేస్తున్న టవర్ వైపు నుంచి ఆ వాసన వచ్చింది. పదమూడేళ్ల వయసులో నేను ఇలాంటి టవర్ పక్కనే రేకుల గుడిసెలో ఉండేదాన్ని. పాలమూరు నుంచి వచ్చిన మా అమ్మ అక్కడ తట్టలు మోసేది. టీచర్‌ది గుంటూరు. మా ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ చెప్పేవారు.

ఒకసారి అమ్మ బొమ్మ గీసుకు రమ్మన్నారు. నేను పట్టుచీర కట్టించి, తలలో పూలు పెట్టి, సన్నటి వేళ్లు గీశాను. టీచర్ చాలాసేపు చూసి, "ఇవి మీ అమ్మ వేళ్లేనా?" అని మెల్లగా అడిగారు. ఆ సాయంత్రం ఆవిడే నాతో పని జరిగే చోటికి వచ్చారు. ఇటుకల మీద కూర్చుని, సిమెంటుకు పగిలిన అమ్మ చేతిని, బరువుకు బిగిసిన మెడను బొగ్గుతో గీశారు. తెలంగాణ బందులకు బడి మూతపడిన రోజుల్లో ఇద్దరం చుట్టుపక్కలంతా తిరుగుతూ అద్దాలు తుడిచే, రోడ్లు ఊడ్చే ఆడవాళ్లను గీశాం.

ఒక కంపెనీ వాళ్లు మహిళా దినోత్సవానికి ఆ బొమ్మలు తమ హాల్లో పెడతామన్నారు. తీరా చూశాక, తట్టలూ చీపుళ్లూ లేకుండా నవ్వే ముఖాలు గీయమన్నారు. టీచర్ బొమ్మలు చుట్టుకుని బయటికి వచ్చేశారు. బస్టాపులో నేను ఏడుస్తుంటే కొంగుతో నా ముఖం తుడిచి, వీటిని చూడవలసినవాళ్లు వేరే ఉన్నారులే అన్నారు.

కొన్నాళ్లకు ఉద్యమంలో భాగంగా మా దగ్గర వంటావార్పు జరిగింది. అమ్మావాళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతుంటే, మేం రెండు కరెంటు స్తంభాలకు తాడు కట్టి బొమ్మలు వేలాడదీశాం. ఒకాయన వచ్చి, ఆంధ్రా టీచర్ బొమ్మలు ఇక్కడెందుకంటూ తాడు విప్పబోయాడు. టీచర్ ముఖం పాలిపోయింది. అమ్మ చేతిలో గరిటెతోనే లేచి వచ్చింది.

"టీచరమ్మ ఏ ఊరిదైతే ఏంది? బొమ్మలల్ల ఉన్నది మేము. తాడు జోలికి రాకు."

గొంతు పెంచలేదు. ఆమె వెనక మరో పదిమంది ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆయన కాసేపు బొమ్మలు చూశాడు. గాలికి మడతపడ్డ ఒక మూలను సరిచేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తమను తాము వెతుక్కున్నారు. అద్దాలు తుడిచే యాదమ్మ, "గిది నా నడుమే. నొప్పి గూడ కనబడుతుంది" అంటే అందరూ నవ్వారు. టీచర్ రోడ్డు మీదే వాళ్ల మధ్య కూర్చుని అన్నం తిన్నారు. ఆవిడ అంత తృప్తిగా తినడం నేను మళ్లీ చూడలేదు.

టీచర్ ఇప్పుడు లేరు. బొమ్మలు గీయడమే నా బతుకుతెరువు అయింది. గీసిన ప్రతి బొమ్మనూ ముందు ఆ మనిషికే చూపిస్తాను. ఆమె "నేనే" అన్నాకే కింద సంతకం పెడతాను.