పుస్తకాల వెనుక నలుగు సంచి

మా అక్క చనిపోయిన సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పొద్దున చాయ్ తాగుతూ సెల్‌ఫోన్ తెరిస్తే పెద్ద మేనల్లుడి స్టేటస్‌లో ఆమె ఫొటో, చుట్టూ గులాబీలు, కింద మిణుకుమనే దీపం. ముందు లోకానికి చెప్పి, వీలుంటే తోబుట్టువుకు చెప్పడం ఇప్పటి మర్యాద. జగిత్యాలలో బస్సెక్కి సిరిసిల్ల చేరేసరికి వాకిట్లో ఆమెకు చివరి స్నానం చేయిస్తున్నారు. ఒకామె షాంపూ ప్యాకెట్‌ను పళ్లతో చింపుతున్నది. ఊరందరి ఒంటికీ నలుగు పిండి విసిరిన మనిషికి ఆ పూట ఇంట్లో గుప్పెడు పిండి దొరకలేదు. ఉన్నదంతా ఎప్పుడో పంచిపెట్టింది. ఆమెకు ఆ షాంపూ నురగ సరిగ్గా కడిగే ఓపిక కూడా ఎవరికీ లేదు. చెవి వెనుక అట్లాగే ఉండిపోయింది. నేనే తువ్వాలతో తుడిచాను.

పదకొండో రోజున మైకు పట్టుకొని ఆమెను పొగిడినవాళ్లంతా ఆమె ఇచ్చిన పిండిని ఏం చేశారో నాకు తెలుసు. చెప్పకుండా పోతే ఆ పొగడ్తలే నిలిచిపోతాయి. ఆ పిండిని పాడుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. నా తప్పు మిగతావాళ్ల తప్పుకంటే నీచమైనది. దానివల్ల నా బిడ్డ మేనత్త మొహం ఆఖరిసారి చూడకుండానే ఆమెను పోగొట్టుకుంది.

మా బావ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. అక్క ఇంట్లో బీడీలు చుట్టేది. చుట్టాల పెళ్లికి పోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. స్టీలు బిందె కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. అందుకని పెసళ్లు, శనగపప్పు, వాసనకు కచ్చూరాలు, బావంచాలు, పసుపు కొమ్ములు, పిల్లలు తిని పారేసిన నారింజ తొక్కలు, అన్నీ ఎండబెట్టి ఇసుర్రాయిలో విసిరేది. పెళ్లికూతురి పిండికి ఒకసారి జల్లెడ, పసిబిడ్డ పిండికి మూడుసార్లు. ఆఖరున చిటికెడు తీసి తన కంటిరెప్ప మీద రుద్దుకొని చూసేది. రెప్పకు గీరుకుంటే మళ్లీ జల్లించేది. సాంచాల దగ్గర మిగిలిన గుడ్డ పీలికలతో సంచి కుట్టి, అందులో పోసి, మూతి బిగించి పట్టుకుపోయేది.

"ఓ సబ్బుపెట్టె కొనిస్తే అయిపాయె గదక్కా" అన్నాను ఒకసారి.

"సబ్బు దుకాణపోడు ఇచ్చినట్టు తమ్మీ. గిది నేనిచ్చినట్టు" అంది, జల్లెడ ఆపకుండానే.

పెద్ద మేనల్లుడి భార్య ఆ పిండితో ఇత్తడి సామాను తోమేది. దాచేది కూడా కాదు. "మస్తు మెరుస్తయి అత్తమ్మా, చింతపండు గూడ అక్కరలేదు" అని మొహం మీదే చెప్పింది. అక్క చెంబు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. "మెరువనియ్యి. చెంబుకు మాత్రం ఒళ్లు లేదా" అంది. ఆ పిల్ల నవ్వింది. నేను మాత్రం ఆ చెంబుతో ఇచ్చిన నీళ్లు తాగకుండా పక్కన పెట్టాను.

చిన్న మేనల్లుడు మస్కట్‌లో ఉంటాడు. ఎండకు ఒళ్లు పొక్కుతున్నదంటే ఊరివాళ్లతో పిండి పంపింది. వాడు సంచి విప్పి చూడనైనా చూడలేదు. గదిలో ఉన్న మనవాళ్లు బతుకమ్మ పండుగ సత్తుపిండి అనుకొని చక్కెర కలిపి తిన్నారట. సెలవు మీద వచ్చినప్పుడు విందులో అందరి ముందు ఆ కథ చెప్పి పొట్ట పట్టుకొని నవ్వాడు. "మా అవ్వ సబ్బు కంటె సత్తు బాగ చేస్తదని అందరు మెచ్చుకున్నరు!" విస్తళ్ల ముందున్న వాళ్లంతా నవ్వారు. అక్క ఒక్కతే భయపడింది.

"ఎవ్వలికన్న కడుపునొచ్చిందా కొడుకా?"

మళ్లీసారి రెండు సంచులు పంపింది. ఒకదానికి ఎర్ర దారం కట్టి, "గిది తినేటిది" అని తీసుకుపోయేవాడితో మూడుసార్లు అనిపించుకుంది.

ఇక నా సంగతి.

మా అమ్మ మంచం పడితే నన్ను పెంచింది అక్కే. నేను చదువుకున్నాను. కనిపించిన పుస్తకమల్లా చదివాను. చేతివృత్తుల మీద వ్యాసాలు రాశాను, శ్రమ గౌరవం మీద సభల్లో మాట్లాడి శాలువాలు కప్పించుకున్నాను. బిడ్డ పెళ్లి కోరుట్లలో గల్ఫు డబ్బు చూసిన ఇంటితో కుదిరింది. వియ్యంకురాలు ఒక సూట్‌కేసు నిండా దుబాయి సబ్బులు, క్రీములు, సెంట్లు పంపింది. అదే సాయంత్రం అక్క సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చి నీలం పీలికలతో కుట్టిన సంచి నా చేతిలో పెట్టింది. అంత పెద్ద సంచి ఆమె ఎవరికీ కుట్టలేదు.

వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటారో అని నాకు సిగ్గేసింది. అల్మారాలో పుస్తకాల వెనుకకు తోసేశాను. పెళ్లి హడావిడిలో వంటల దగ్గర కూర్చున్న అక్క నన్ను పిలిచి అడిగింది.

"బిడ్డకు నలుగు పెట్టిండ్రా తమ్మీ?"

"పెట్టినమక్కా. ఒళ్లంత మెరుస్తున్నది."

ఆమె ఆ రోజంతా సంతోషంగా ఉంది. నా బిడ్డేమో అత్తవారింటికి పోయేముందు నన్ను గదిలోకి పిలిచింది. "ఊర్ల అందరి పెండ్లికి నలుగు తెచ్చే అత్తమ్మ, నాకే తేలే. నేనేం తప్పు జేసిన బాపూ?" అని ఏడ్చింది. నేను తల నిమిరాను. ఒక్క మాట చాలు, అల్మారా తలుపు తెరిస్తే చాలు. "పెద్దమనిషి, యాది మరిచి ఉంటది" అన్నాను. ఆ ఏడుపు తర్వాత కోపమైంది. ఆ కోపం ఏళ్లు గడిచినా తగ్గలేదు.

పెళ్లయిన ఏడాది దీపావళికి అక్క ఎప్పటిలాగే నాకు హారతి పట్టడానికి వచ్చింది. ముందురోజు ఇల్లు దులుపుతూ పుస్తకాలు దించింది. ఆమెకు అక్షరం రాదు, కానీ పుస్తకాన్ని చంటిపిల్లలా రెండు చేతులతో ఎత్తేది. సంచి దొరికింది. నేను గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాను. మూతి విప్పి వాసన చూసింది.

"పురుగు వట్టింది" అంది. అంతే.

తెల్లారి పీట మీద కూర్చోబెట్టి తలకు నూనె అంటింది. ముందురోజే జల్లించి ఎండబెట్టగా మిగిలిన ఆ పిండినే తెచ్చి నా వీపుకు రుద్దింది. చర్మం ఊడుతుందేమో అన్నంత గట్టిగా రుద్దింది.

"మెల్లగక్కా, మండుతున్నది."

"మురికి గట్టిగున్నది తమ్మీ. నేనేం జేద్దు?"

తర్వాత నీళ్లు పోసింది, హారతి ఇచ్చింది, నేను పళ్లెంలో పెట్టిన చీర కళ్లకద్దుకొని తీసుకుంది. నా బిడ్డకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. తమ్ముడి పరువు కోసం ఆ పిల్ల కోపాన్ని తన మీదే వేసుకుంది. మంచాన పడ్డాక, నేను పోయినప్పుడల్లా ఒకే మాట అడిగేది. "కోరుట్ల బిడ్డ అచ్చిందా?" కోరుట్లకు ఫోన్ చేస్తే బిడ్డ, "నన్ను యాది మరిచినామె గద, ఇప్పుడేం యాదికొచ్చిన్నంట?" అనేది. అప్పుడన్నా చెప్పవలసింది. ఇన్ని పుస్తకాలు చదివి నేను నేర్చింది, నోరు ఎప్పుడు మూసుకోవాలో మాత్రమే.

పదకొండో రోజుకు బిడ్డ వచ్చింది. చుట్టాలందరికీ ఒక్కో ప్లాస్టిక్ డబ్బా పంచారు. పట్నం నుంచి తెప్పించిన, ఒంటికి రుద్దుకునే బాడీ స్క్రబ్ అట. విప్పితే చాక్లెట్ వాసన, వేళ్ల మధ్య ఇసుకలా గరగర. మూత మీద అక్క ఫొటో అతికించారు. వేరే ఫొటో తీసే తీరిక ఎవరికీ లేక ఆధార్ కార్డులోదే పెద్దది చేశారు. భయపడ్డ కళ్లతో చూస్తున్నది.

"అత్తమ్మకు గీ పనే ఇష్టం గద మామా, గందుకే తెప్పిచ్చినం" అంది పెద్ద మేనల్లుడి భార్య, చెంబులు తోమిన ఆమె.

"మామ బాగ సదువుకున్నోడు, రెండు ముచ్చట్లు చెప్తడు" అని, అందరి పొగడ్తలూ అయ్యాక, పెద్ద మేనల్లుడు మైకు నా చేతికిచ్చాడు. చెప్పాను. చెంబు సంగతి చెప్పాను, మస్కట్ గది సంగతి చెప్పాను. ఆఖరున నాది చెప్పాను. "నా బిడ్డ పెండ్లికి అక్క నలుగు తెచ్చింది. నేనే దాచిపెట్టిన. పెట్టినమని అక్కకు అబద్ధమాడిన. తేలేదని బిడ్డను నమ్మనిచ్చిన." ముందు వరసలో నా బిడ్డ తల ఎత్తింది. మేనల్లుడు మైకు గుంజుకున్నాడు. "మామ బాధల ఉన్నడు. అందరు బువ్వకు లేవుండ్రి, కూర చల్లారిపోతది."

అందరూ లేచారు. అరగంటలో మాంసం తిన్న చేతులతో పందిరి వెనుక నల్లా దగ్గర గుమిగూడారు. ఎవడో డబ్బా విప్పి చేతుల జిడ్డు వదలగొట్టుకున్నాడు. "అరె, మంచిగ పనిచేస్తున్నది" అన్నాడు. ఇంకొకడు విప్పాడు. ఇంకొకడు. మూతలు మురుగునీళ్ల మోరీలో పడ్డాయి. పసుపు, నూనె తేలే నీళ్లలో, ఎముకల మధ్య, ఎటు చూసినా మా అక్క మొహమే.

నా బిడ్డ అన్నం ముట్టలేదు. పట్టుచీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకొని మోరీ పక్కన కూర్చుంది. ఒక్కో మూతా ఏరి, బొటనవేలితో జిడ్డు తుడిచి, కొంగులో వేసుకుంటున్నది. నేను పోయి పక్కన వంగాను.

"నాకియ్యి బిడ్డా, నేను పట్టుకుంట."

నా చాచిన చేయి వైపు చూసింది. కొంగు ఇంకో చుట్టు బిగించుకొని, తర్వాతి మూత కోసం నీళ్లలో చేయి పెట్టింది.