పెద్దవ్వ పాట వెనక హార్మోనియం

మొన్న చెవి డాక్టరు పరీక్ష చేసి, కుడిచెవి బాగా మందగించిందమ్మా అంటే ఫికరు పడాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు ఆదిలాబాదులో మా చర్చి సంఘమంతా ఈ చెవుల మీదే ఆధారపడిందని, ఈ చెవులే నన్ను ఊరు దాటనివ్వలేదని పాపం ఆయనకేం తెలుసు.

మా బాపు పత్తి మిల్లులో పనిచేస్తూ ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. దూది ధూళికి ఊపిరి ఆడక దాని గాలి తిత్తి ఆడించే శక్తి కూడా పోయాక, పద్నాలుగేళ్ళ నా ముందుకు పెట్టె జరిపాడు. నేర్పిందీ లేదు, స్వరాలు రాసిన పుస్తకమూ లేదు. పైగా మా దగ్గర హార్మోనియం కోసం ఎవరూ ఆగరు. మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క అయిన పెద్దవ్వ తనకు తోచిన శ్రుతిలో పాట ఎత్తుకునేది, సంఘమంతా అందుకునేది, వాయించేవాళ్ళు వెనకాల పరుగెత్తి ఆ శ్రుతిని పట్టుకోవాలి. మొదట్లో చరణం అయిపోయేదాకా నేను హార్మోనియం మెట్లు వెతుక్కుంటూనే ఉంటే చాపల మీద ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి ఆమె రెండు మాటలు పాడేలోపే నా వేలు సరైన మెట్టు మీద ఉండేది. దగ్గొచ్చి ఆమె ఆగినచోటల్లా మనసుకు తోచిన వరస అల్లి వాయిస్తే అందరూ కాసేపు పాట మానేసి వినేవాళ్ళు. అబ్బ, ఆ నిమిషం కోసమే వారమంతా ఎదురుచూసేదాన్ని.

పది పాసయ్యాక కరీంనగర్‌లో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. చేరడానికి పది రోజుల గడువు. ఆ సాయంత్రమే పెద్దవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు పోతే పాట ఎవరు పట్టుకుంటరు బిడ్డా? గది దేవుడిచ్చిన చెవి. జర ఆలోచించు."

బాపు గోడకానుకుని దగ్గుతూ ఉండిపోయాడు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, పోతానని చెప్పే ధైర్యం లేదు. చివరికో ఉపాయం తట్టింది: కావాలని తప్పు వాయిస్తే, దీనికి చెవి పోయింది, పోనీయండని వాళ్ళే వదిలేస్తారు కదా.

ఆదివారం పెద్దవ్వ ఎత్తుకోగానే రెండు మెట్లు పైన నొక్కి తిత్తి గట్టిగా ఆడించాను. వినడానికి ఘోరంగా ఉంది. ఆమె టక్కున ఆగింది. నా వైపు చూసి, కొంగుతో మూతి తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి నేను నొక్కిన మెట్టులోనే ఎత్తుకుంది. సంఘమంతా ఆమె వెనకే వచ్చేసింది. తప్పు తమదే అనుకున్నారు, పిచ్చివాళ్ళు. ప్రార్థన అయ్యాక పెద్దవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నా గొంతు తప్పింది బిడ్డా, ముసలిదాన్నైతి. నువ్వుండవట్టి సరైంది."

ఆ చెయ్యి విడిపించుకుని నేను పోలేకపోయాను. గడువు దాటిపోయింది. అప్పట్నుంచి నేను మెట్టు నొక్కేదాకా పెద్దవ్వ నోరు విప్పేది కాదు. ఆమె పోయాక కూడా ఏళ్ళకేళ్ళు ఆ పెట్టె ముందే కూర్చున్నాను. గౌరవానికేం, బోలెడు దక్కింది. కొన్ని ఆదివారాలు మాత్రం ఆ పెట్టెను ఎత్తి బావిలో పడేయాలనిపించేది.

నిరుడు మా చర్చిలో నా తర్వాత వచ్చి కీబోర్డు వాయించే అమ్మాయికి దూరాన ఉద్యోగమొస్తే, సంఘమంతా చప్పట్లు కొట్టి పంపించింది. నాకు అసూయ వేసింది, దాచడమెందుకు. మరుసటి ఆదివారం ఎవరో వాద్యం లేకుండానే పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు అందుకున్నారు, పాట ఎక్కడా ఆగలేదు. నేనే మధ్యలో ఆగిపోయాను. నా చిన్నప్పుడు పెద్దవ్వ రోజుల్లోనూ మావాళ్ళు పాడింది ఇలాగే కదా, నేను పోయినా పాట ఆగేది కాదు కదా. ఆ మాట అప్పుడు నాతో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.