కోయని కేకు

ఓవెన్‌లో మామిడి గుజ్జూ బాదం పొడీ కలిపిన కేకు పొంగుతోంది, ఇల్లంతా ఆ వాసనే. ముందే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెలరోజులు తినొచ్చని మా ఆడపడుచు సలహా. ఫ్రీజర్‌లో పెడతాను గానీ, కొయ్యను. భౌతికశాస్త్రం చదివినదాన్ని, పిచ్చి నమ్మకాల మీద ఎందరితోనో పోట్లాడినదాన్ని. అయినా కొయ్యను.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక బాదంచెట్టు ఉండేది. కాలు పెడితే బొబ్బలెక్కే ఎండలో రాలిన కాయలను రాళ్లతో పగలగొట్టి, వేళ్లు నలగ్గొట్టుకుని, సన్నటి పప్పులు ఏరి పక్కింటి రత్నం అత్తయ్యకు ఇచ్చేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన ఆవిడ బొగ్గుపొయ్యి మీద ఇసుక పోసిన గుండిగలో గిన్నె దించి, మూత మీద నిప్పులు పరిచి, ఆ పప్పులతో మామిడిపండు కేకు చేసేది.

ఆ రోజు కేకు దించేసరికి షిఫ్టు ముగిసిన సైరన్ మోగి చాలాసేపైంది. బొగ్గుగనిలోకి, మా మాటలో బాయిలోకి, దిగిన నాన్న ఇంకా రాలేదు. అత్తయ్య పిల్లలకు ముక్కలు పంచి, ఒకటి పక్కన పెట్టి మూత వేసింది.

"మీ ఆయనకి తీసి ఉంచానే లక్ష్మీ."

అమ్మ ముఖం నల్లబడింది. బాయిలో ఉన్న మనిషి వాటా, ఆయన పైకి రాకముందే మా ఇళ్లలో వేరుగా తీయరు. అలా తీసి మూతపెట్టేది చచ్చిపోయినవాళ్లకే.

"గట్లెందుకు తీసినవక్కా! మనిషి ఇంకా పైకి రాలే. మళ్ల అండ్లనే కలుపు!"

"కోసిన ముక్కని ఎలా అతికించనే?"

అమ్మ మా చేతుల్లోవీ లాక్కుంది. అన్నీ గిన్నెలో వేసి, ఏది ఎవరిదో తెలియకుండా పొడిపొడిగా నలిపేసింది. తమ్ముడు ఏడుపందుకున్నాడు. వీధిలో ఏ సైకిలు చప్పుడైనా అమ్మా అత్తయ్యా ఒకేసారి తలెత్తేవారు, అది ముందుకు సాగిపోతే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు.

చీకటి పడుతుండగా నాన్న వచ్చాడు, బొగ్గుమసిలో కళ్లు మాత్రమే తెల్లగా.

"మమ్ముల గుంజే మిషన్ ఆగింది. నడుసుకుంట పైకొచ్చినం. ఏందే గిది, ఉప్మానా?"

"కేకు అన్నయ్యగారూ," అంది అత్తయ్య.

"ఉప్మా తియ్యగున్నది చెల్లె," అంటూ నాన్న పిడికెడు నోట్లో పోసుకున్నాడు.

ఆ బాయి మూతపడింది, క్వార్టర్లు కూల్చారు, బాదంచెట్టు చోట ఇప్పుడు బండ్లు నిలుపుతున్నారు. బొగ్గుపొయ్యి అంటే నా కూతురు నవ్వుతుంది. ఆ పిల్లే ఇవాళ ఇంజనీరుగా హెల్మెట్ పెట్టుకుని మరో బాయిలోకి దిగింది. లోపల ఫోన్ పనిచేయదు, పైకి రాగానే చేస్తుంది.

కేకు చల్లారింది. ఆడపడుచు నవ్వితే నవ్వనీ, కత్తి సొరుగులోనే ఉంది. షిఫ్టు వేళ దాటింది. ఫోన్ ఇంకా మోగలేదు.