వదిన తీగ చుట్టిన గది

మొన్న ఆదివారం యాప్రాల్‌లో మేముండే అపార్టుమెంటు క్లబ్‌హౌసుకు ఏదో కంపెనీ తరఫున ఒక కుర్రవాడు వచ్చి మాట్లాడాడు. ప్రపంచం మారిపోయిందట, పొరుగు దేశం సరుకును ఇక నమ్ముకోలేమట, మీటర్లలో పెట్టే సన్న కాయిల్స్ ఇక్కడే చుట్టుకోవాలట, షెడ్డూ మిషన్లూ సిద్ధంగా ఉన్నాయి గాని చేతిపని తెలిసిన మనుషులే దొరకడం లేదట. మీకు తెలిసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే మా అమ్మాయిలకు నేర్పడానికి పంపండని ఎంతో వినయంగా అడిగాడు. అతని వినయానికి వంక పెట్టను గాని, ఆ దొరకడం లేదన్న మాటకు మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్నవాళ్లను ఇంటికి పంపించేసిందెవరు నాయనా అని అడుగుదామనుకున్నాను. అప్పటికతను పలక పట్టుకుని బడికి వెళ్తుండేవాడు కాబోలు, అతన్ని నిలదీసి ఏం లాభమని ఊరుకున్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ రాని మనిషిని మనిషిగా చూడని రోజులవి. మేము శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో అద్దెకుండేవాళ్లం. మా అన్నయ్య ఇక్కడి సంబంధమే చేసుకోవడంతో రాంగోపాల్‌పేట్ పిల్ల మాకు వదినగా వచ్చింది. తను పనిచేసే చిన్న కర్మాగారంలో నన్ను ఆఫీసు పనికి కుదిర్చిందీ ఆవిడే. అక్కడ కరెంటు కొలిచే మీటర్లు తయారయ్యేవి. మీటరు ముల్లును కదిలించే రాగి తీగ చుట్ట, అదే కాయిల్ మాత్రం విదేశం నుంచి వచ్చేది, ఎందుకంటే వెంట్రుక కన్నా సన్నని ఆ రాగి తీగను ఇక్కడ చుట్టగలమని ఎవరూ అనుకోలేదు. వదినా, ఆవిడతో ఉన్న ఆడవాళ్లూ లావు తీగ పనులే చేసేవారు.

మన దేశం ఎడారిలో అణుపరీక్షలు చేశాక, కోపమొచ్చిన దేశాలు సరుకు ఆపడం మొదలుపెట్టాయి. మా మీటర్లు ప్రభుత్వ కర్మాగారాలకు వెళ్తాయని ఆ విదేశీ కంపెనీకి తెలుసు, ఇక పంపలేమని చెప్పేసింది. అప్పుడు చూడాలి మా యజమాని సేటు ముఖం. ఎన్నడూ తీగ చుట్టే వైండింగ్ గది గడప తొక్కని మనిషి వచ్చి వదిన ముందు నిలబడి, ఎట్లాగైనా చెయ్యాలమ్మా అన్నాడు.

"చేస్తం గానీ సేటూ, ఖరాబైన ప్రతిదానికి మొత్తుకోవద్దు మరి," అంది వదిన.

తీగకు ఏ కాస్త జిడ్డు అంటినా కాయిల్ పాడయ్యేది. అందుకని ఆ గదిలో ఆడవాళ్లంతా తలకు నూనె, చేతులకు పసుపు మానేశారు. గాలికి తీగ ఊగుతుందని నడి ఎండాకాలంలోనూ ఫ్యాను వేసుకునేవారు కాదు. శుక్రవారం పూట ముత్తైదువ పసుపు లేని చేతులతో ఇల్లు కదలడం మా అమ్మకు మింగుడు పడలేదు. ఇంట్లో ప్రతి శుక్రవారం రగడే. చివరికి వదిన, "కాళ్లకు ఎంతంటే అంత రాసుకుంట అత్తమ్మా, చేతుల్ని మాత్రం జెర ఇడిసిపెట్టు," అని తేల్చేసింది. అమ్మ కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగి, ఆ తర్వాత పసుపు గిన్నె తనే తెచ్చి వదిన కాళ్ల దగ్గర పెట్టడం మొదలుపెట్టింది.

కొత్తగా చేరిన పిల్లను వదిన వెంటనే మిషన్ ముట్టనిచ్చేది కాదు. పక్కన కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, పరుగెత్తే తీగను రెండు వేళ్ల మధ్య పట్టుకోమనేది. ఎప్పుడు బిగుస్తోందో, ఎప్పుడు వదులవుతోందో ఆ పిల్ల చెబుతుండాలి. తప్పితే తిట్లే. తెగబోయే ముందు తీగ వేళ్లకు చెబుతుందనేది ఆవిడ, అది వినపడేదాకా నెలలు పట్టేది. ఎన్ని కాయిల్స్ చెత్తబుట్టలో పడ్డాయో, ఎంతమంది ఏడ్చారో నేను చూశాను. ఆఖరికి మా కాయిల్ పెట్టిన మీటరులో ముల్లు తొణక్కుండా నిలబడిన రోజున సేటు కర్మాగారమంతా లడ్డూలు పంచాడు.

ఆ లడ్డూల తీపి ఎన్నాళ్లుందని? ఆంక్షలు ఎత్తేశారు, ఓడరేవుల తలుపులు బార్లా తెరిచారు, చైనా నుంచి కాయిల్స్ పెట్టెల్లో దిగాయి. చవకే, నేను కాదనను. సేటు తయారీ మానేసి సరుకు తెచ్చి అమ్ముకోవడంలో పడ్డాడు, వైండింగ్ గదిని కంప్యూటర్ కోర్సుల వాళ్లకు అద్దెకిచ్చాడు. మిషన్లను తుక్కు కింద తూకానికేశాడు. ఆ రోజు వదిన తన ఉద్యోగం గురించి ఒక్క మాట అడగలేదు. ఒక్క మిషన్ ఉంచి ఇద్దరు పిల్లల చేతుల్లోని పని పోకుండా చూడమని మాత్రమే అడిగింది. "బయటి సరుకు మల్ల బందైతే ఏం జేస్తవ్ సేటూ?" అంది. ప్రపంచమంతా ఒకటైపోయిందమ్మా, ఇక ఏదీ ఆగదు అని నవ్వాడాయన. ఆ నవ్వు నాకిప్పటికీ ఒంటికి కారం రాసినట్టుంటుంది. అవసరానికి చేతులు జోడించిన మనిషి, అవసరం తీరాక మనుషుల్ని తీసిపారేశాడు. ఆ పిల్లల్లో ఒకతె హైటెక్ సిటీలో అద్దాల మేడ తుడవడానికి వెళ్లింది, వదిన ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టుకుంది. ఊరంతా కొత్త ఉద్యోగాల లెక్కే చెప్పుకుంది గాని, పోయిన ఈ పని పేరెత్తిన వాళ్లు లేరు.

మొన్నటి క్లబ్‌హౌసు సంగతి వదినకు మండిపడుతూ చెప్పాను, వెళ్లనే వెళ్లొద్దన్నాను కూడా. ఆవిడ నా కోపాన్ని పట్టించుకుంటేనా? "గా పోరగాండ్లేం జేసిన్రు? ఎన్నడు రమ్మన్నరో చెప్పు," అంది.

నేనే తీసుకెళ్లాను. కొత్త షెడ్డు, చల్లని గది, బెంచీల మీద డిగ్రీలు చదివిన ఆడపిల్లలు. వదిన ఒకమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మిషన్ ఆడించమంది, తను కళ్లు మూసుకుని తీగను వేళ్ల మధ్య పట్టుకుంది. ఏళ్ల తరబడి షుగరున్న మనిషి. వేళ్ల స్పర్శ పోయి, సూది గుచ్చుకున్నా తెలియని స్థితి వచ్చిందని ఇంట్లో మాకెవరికీ చెప్పలేదు. తీగ పుటుక్కున తెగింది. మేమంతా చూశాం. వదిన మాత్రం వేళ్లు అట్లాగే పట్టుకుని, ముఖం పక్కకు వంచి, ఇంకా వింటూనే ఉంది. పక్కనమ్మాయి మిషన్ ఆపేసరికి అనుమానమొచ్చి, కళ్లు తెరవకుండానే ఆ పిల్లను అడిగింది.

"తెగిందా బిడ్డా?"

ఇవాళ చేతిపనికి విలువ వచ్చింది, నేర్చుకునే పిల్లలున్నారు, నేర్పమని కారు పంపిస్తామంటున్న కంపెనీలున్నాయి. ఈ మర్యాదంతా ఆ వేళ్లకు తీగ తెలిసిన రోజుల్లో దొరికి ఉంటే ఎంత బాగుండేది.