పెద్దన్న తరఫున

మా కాలేజీ ఫ్రాటర్నిటీలో, అంటే అన్నదమ్ముల్లా ఒకే ఇంట్లో ఉండే కుర్రాళ్ల సంఘంలో, చేరిన ప్రతి కొత్తవాడికీ ఒక పెద్దన్నను ఇస్తారు. నాకు దొరికిన పెద్దన్న వయసులో నాకంటే చిన్నవాడు. తొమ్మిదో తరగతిలో అమెరికా వచ్చినప్పుడు స్కూలువాళ్లు నన్నొక క్లాసు కిందికి దించారు, అందుకని. అతనిది ఒహాయో, మొక్కజొన్న పీచు రంగు జుట్టు. అన్నం వండటం రాదు గానీ అన్నగా వంక పెట్టడానికి లేదు. మంచులో కారు నడపడం నేర్పాడు. థాంక్స్‌గివింగ్ పండక్కి వాళ్లింటికి తీసుకెళ్లాడు. ఫ్రాటర్నిటీ ఇంట్లో మిగతావాళ్లు నాతో మాట్లాడేది వైఫై పోయినప్పుడో, కాలిక్యులస్ పరీక్షకు ముందో. లెక్కల్లో నేను లెక్కలోకి రానని చెప్పినా ఎవరూ నమ్మలేదు, వినయం అనుకున్నారు.

దగ్గర్లోని పిస్కాటవేలో మాస్టర్స్ చేసే తెలుగు కుర్రాళ్లతో క్రికెట్‌కి వెళ్తే వాళ్లది ఇంకో లెక్క. నువ్వు ఇండియనూ కాదు, అమెరికనూ కాదురా, ట్రాన్సిట్‌లో ఉన్నావ్ అనేవాళ్లు. కనుక నాకంటూ మిగిలింది గుమ్మం మీద సంఘం పేరు గ్రీకు అక్షరాల్లో ఉన్న ఆ ఇల్లు, అందులోనూ ఆ ఒక్క మనిషి. ఆ అక్షరాలు నేర్చుకోవడం నాకు రెండో అక్షరాభ్యాసం. పలక బదులు టీషర్టు.

అమ్మ పార్సిప్పనీలోని మా ఇంటి నుంచి రోజూ ఫోన్ చేసేది. నేను బట్టలు మడతపెట్టుకుంటూ స్పీకర్‌లో పెట్టేవాణ్ణి. ఏం తిన్నావు నాన్నా, స్వెటర్ వేసుకున్నావా, ఆ అబ్బాయి కూడా తిన్నాడా? నా గదిలోనే ఉండే పెద్దన్నకు తెలుగు రాకపోయినా తన వంతు వచ్చిందని తెలిసేది. నేను నేర్పిన ఒక్క ముక్క, "తిన్నాను ఆంటీ," అని గది అవతలి నుంచి అరిచేవాడు. అమ్మ మురిసిపోయేది.

వసంతంలో ఒక శనివారం మధ్యాహ్నం పెరట్లో పార్టీ పెట్టారు. ప్రపంచయాత్ర అని పేరు, తలా ఒక దేశం వేషం. నేను ల్యాబ్ ముగించుకుని వచ్చేసరికి పెద్దన్న ముఖానికి గోధుమరంగు పూసుకుని, తలకు టవల్ చుట్టుకుని, బల్ల మీద నిలబడి ఉన్నాడు. ఇండియా కాల్ సెంటర్ అట. చేతిలో ఫోను, గొంతులో మా అమ్మ. ఆ సాగదీత, ఆ "నాన్నా", మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగడం, అన్నీ ఆమెవే. పెరడంతా నవ్వింది. అతను నన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపాడు. నాకూ నచ్చుతుందనుకున్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రంగు పూసుకున్నది అతను, బయటపడింది నా రంగు.

ఎవరో తీసిన వీడియో సోమవారానికల్లా క్యాంపస్ అంతా తిరిగింది. యూనివర్సిటీ అడిగేలోపు మనమే తేల్చుకుందామని మా అధ్యక్షుడు విచారణ పెట్టాడు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. విచారణకు నిలబడ్డవాడి తరఫున అతని తమ్ముడు మాట్లాడాలి. ఈసారి ఆ తమ్ముడు ఎవరో ఎవరికీ తట్టినట్టు లేదు. దెబ్బ తిన్నవాణ్ణే వకీలును చేశారు. నాకేం బాధ కలగలేదని నేనంటే అక్కడితో సరి, పెద్దన్న ఇంట్లో ఉంటాడు. కలిగిందంటే, ఉన్న ఆ ఒక్క మనిషీ పోతాడు.

అందరం టైలు కట్టుకుని కూర్చున్నాం. నాకు టై కట్టుకోవడం రాదు. ఆ రోజు కూడా కట్టింది పెద్దన్నే.

నేను లేచి అతను మంచివాడని చెప్పాను. మంచు గురించి, వాళ్ల అమ్మ నాకోసం విడిగా చేసిన కూరగాయల వంటకం గురించి చెప్పాను. తర్వాత, "అది మా అమ్మ గొంతు," అన్నాను. "నాకు బాధ కలిగింది. కానీ బల్ల మీద ఉన్నది ఒక్కడే. కింద నవ్వినవాళ్లు, వీడియో తీసినవాళ్లు, ఆ వేషాలకు సరేనన్నవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. తేలిస్తే అందరి సంగతీ తేల్చండి."

అధ్యక్షుడు నా ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. నా మాటలో మొదటి సగం తీసుకుని రెండో సగం నాకే వదిలేశారు. పెద్దన్నను ఇంటి నుంచి పంపేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. చేతులు లేచిన వేగం చూస్తే, పార్టీ వేషాలకూ ఇలాగే చేతులెత్తి ఉంటారనిపించింది.

మర్నాడు పొద్దున అతను సామాను సర్దుకున్నాడు. మిగతావాళ్లందరికీ ఒక్కసారిగా క్లాసులు వచ్చిపడ్డాయి. వెళ్తూ వెళ్తూ నన్ను మాత్రం ఎంతో మర్యాదగా పలకరించారు, ఆసుపత్రిలో రోగిని పలకరించినట్టు. పరుపు దించడానికి ఇద్దరు కావాలి కనుక నేను ఒక చివర పట్టుకున్నాను. మెట్ల మలుపులో అది ఇరుక్కుపోయింది. అతను కింద, నేను పైన. మధ్యలో పరుపు, ఒకరి ముఖం ఒకరికి కనిపించదు.

"ముందు నాతో అనాల్సింది, బ్రో," అన్నాడు.

"నాకెలా ఉందో నువ్వే అడుగుతావని చూశాను."

అతను కింది నుంచి పరుపును ఒకసారి తోశాడు. కదల్లేదు.

"ఆంటీకి తెలుసా?"

తెలియదన్నాను. చెప్పొద్దంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు.

"కొంచెం ఎడమవైపు తిప్పు," అన్నాడు. తిప్పాను. పరుపు కదిలింది.